‘చెప్పులు ఆటో కోసమే కదండీ’: ఒక చదును పాదం కేసు

ఆషాఢం సేల్స్ ముగిసి శ్రావణం రద్దీ మొదలయ్యేలోపు దొరికే నాలుగైదు రోజుల్లో బట్టల షాపుల్లో పనిచేసేవాళ్లు మా క్లినిక్‌కి వస్తుంటారు. అంతకుముందు సెలవు దొరకదు, ఆ తర్వాత అడిగే ధైర్యం ఉండదు. ఈవిడా అలాగే వచ్చారు. వయసు 47. విజయవాడలో ఒక పెద్ద చీరల షోరూంలో పదకొండేళ్లుగా సేల్స్‌లో ఉన్నారు. గొల్లపూడి వైపు నుంచి షేర్ ఆటోలో వస్తారు. ఏడు నెలలుగా కుడి చీలమండ లోపలి వైపు నొప్పి. నేను ఫిజియోథెరపిస్టుని. ఆవిడ ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

మొదటి ఆరు వారాలు నేను ఇచ్చిన వైద్యం పనిచేయలేదని ముందే చెప్పేస్తాను. ఎందుకు పనిచేయలేదో అర్థం కావడానికి నాకు ఆ ఆరు వారాలూ పట్టింది.

వచ్చినప్పుడు

“పొద్దున లేవగానే బానే ఉంటుందండీ. మధ్యాహ్నం భోజనాల టైముకి మొదలవుతుంది. రాత్రి షట్టర్ దించే టైముకి ఈ నరాన్ని ఎవరో మెలిపెడుతున్నట్టు ఉంటుంది మేడమ్” అంటూ చీలమండ ఎముక వెనక నుంచి అరికాలి గుంట దాకా వేలితో గీసి చూపించారు.

ఆ వేలు వెళ్లిన దారిలోనే సగం జవాబు ఉంది. మామూలు మడమ నొప్పితో వచ్చేవాళ్లు మడమ అడుగున నొక్కి చూపిస్తారు, పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయలేకపోతున్నామంటారు. ఈవిడకి అంతా తిరగబడి ఉంది. పొద్దున తక్కువ, నిలబడేకొద్దీ ఎక్కువ. నొప్పి ఒక చుక్కలా కాకుండా గీతలా ఉంది. కుడి మోకాలి లోపలి వైపు కూడా నొప్పి, ఎప్పటి నుంచో నడుము నొప్పి.

బరువు 78 కిలోలు, ఎత్తు 154 సెంటీమీటర్లు. షుగర్ ఆరేళ్లుగా ఉంది, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చివరిసారి 8.1. అప్పటికే యూరిక్ యాసిడ్ పరీక్ష అయింది, కాల్షియం బిళ్లలు అయ్యాయి, వాతానికని నూనె మర్దన అయింది. ఒకచోట బెణుకన్నారు, క్రేప్ బ్యాండేజీ కట్టారు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు రోజుకి రెండు చొప్పున నాలుగు నెలలు వేసుకున్నారు. షుగర్ ఉన్నవాళ్లు ఆ మాత్రలు అలా వాడితే కిడ్నీల మీద పడుతుంది. ముందు అవి ఆపించి, క్రియాటినిన్ పరీక్షకి పంపాను. నార్మల్‌గానే వచ్చింది, బతికిపోయాం.

ఎక్స్‌రే కవరు తెచ్చారు. ‘నార్మల్’ అని రిపోర్టు. టేబుల్ మీద పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే అది. పడుకున్న పాదం మీద బరువు ఉండదు, బరువు లేని పాదం కుంగదు. చదును పాదానికి ఎక్స్‌రే రాస్తే ‘నిలబెట్టి తీయాలి’ అని ఎర్ర ఇంకుతో రాయాల్సిందే. మళ్లీ తీయిస్తే బొటనవేలి వెనక పొడవాటి ఎముకా, చీలమండ కింది ఎముకా ఒకే వరసలో ఉండాల్సింది మధ్యలో కుంగి కనిపించాయి.

చెప్పు ఏం చెప్పింది

పాదం కంటే ముందు చెప్పులు చూడటం నాకు అలవాటు. ఆవిడవి నీలం పట్టీల హవాయి చెప్పులు, రెండేళ్లవి. ఎడమది అన్ని వైపులా ఒకేలా అరిగింది. కుడిదాన్ని తిప్పి చూస్తే మడమ దగ్గర లోపలి అంచు కాగితంలా పల్చబడి, వెలుతురుకి పట్టుకుంటే వేలి నీడ కనపడుతోంది. బయటి అంచు మాత్రం కొత్త చెప్పులా గీతలతో సహా ఉంది. మడమ లోపలికి ఒరిగిపోయి నడుస్తోందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

వెనక నిలబడి చూశాను. ఎడమ కాలి దగ్గర చిటికెన వేలు, దాని పక్క వేలు సగం కనిపించాయి. కుడి కాలి దగ్గర మెట్టె ఉన్న వేలితో సహా నాలుగు వేళ్లు బయటికి కనపడుతున్నాయి. పాదం ముందు భాగం బయటికి తిరిగిపోతే ఇలా ఉంటుంది. కుడి కాలొక్కదాని మీద నిలబడి మడమ లేపమన్నాను. గోడ పట్టుకుని ప్రయత్నించారు, ఒంట్లో బరువంతా భుజాల్లోకి వచ్చింది గానీ మడమ లేవలేదు. ఎడమ కాలితో పదకొండు సార్లు లేపారు. రెండు కాళ్లతో కలిపి లేపినప్పుడు ఎడమ మడమ లోపలికి తిరిగింది, కుడిది తిరగలేదు.

మిగతా పరీక్షలు త్వరగా చెప్పేస్తాను. అరికాలి గుంట పైన లోపలి వైపు చేతికి తగిలే బొడిపె ఉంటుంది, అది నావిక్యులర్ ఎముక. కూర్చున్నప్పటికీ నిలబడ్డప్పటికీ అది ఎంత దిగుతుందో కొలిస్తే కుడి వైపు 14 మిల్లీమీటర్లు, ఎడమ 9. పది దాటితే ఎక్కువ కిందే లెక్క. పాదం ఒరిగిన తీరుకి ఆరు అంశాలతో ఇచ్చే ఫుట్ పోశ్చర్ ఇండెక్స్ కుడికి +9, ఎడమకి +6. సున్నా నుంచి +5 దాకా మామూలు. పిక్క బిగుసుకుపోయి ఉంది: మోకాలు చాచి ఉంచితే పాదం పైకి 2 డిగ్రీలే వస్తోంది, మోకాలు మడిస్తే 12 వస్తోంది. చేత్తో పట్టుకుని సరిచేస్తే పాదం మొత్తం తిన్నగా వస్తోంది. ఈ చివరిదే నాకు ఊరట. కీళ్లు ఇంకా గట్టిపడలేదు.

షుగర్ ఉన్న పాదం కాబట్టి 10 గ్రాముల ఒత్తిడికి వంగే మోనోఫిలమెంట్ అనే నైలాన్ పోగుతో స్పర్శ చూశాను, అన్ని చోట్లా తెలుస్తోంది. పాదం మీద నాడి బాగా అందుతోంది. కరోనా తర్వాత ప్రతి క్లినిక్‌లోనూ మిగిలిపోయిన నుదుటి థర్మామీటర్‌తో రెండు పాదాల వేడీ చూశాను, తేడా అర డిగ్రీ కూడా లేదు. షుగర్ ఉన్నవాళ్లకి ఒక పాదం ఉన్నట్టుండి వాచి, రెండో దాని కంటే 2 డిగ్రీల సెల్సియస్ లేదా ఆపైన వేడిగా ఉంటే అది ఎముకలు లోపల నలిగిపోతున్న షార్కో పాదం కావచ్చు. అలాంటప్పుడు షూలో పెట్టే ఇన్‌సోలూ వ్యాయామమూ కాదు, ఆ పాదం నేల మీద ఆనించకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి పంపాలి.

నరం కాదు, తాడు

ఆవిడ నరం అన్నది టెండన్‌ని, అంటే కండరాన్ని ఎముకకి కట్టే తాడుని. మన దగ్గర చాలామంది అలాగే అంటారు. టిబియాలిస్ పోస్టీరియర్ అనే కండరం పిక్క లోపల ఎముక వెనక పుట్టి, కిందికి తాడులా మారి, చీలమండ లోపలి ఎముక వెనక మలుపు తిరిగి అరికాలి గుంట ఎముకలకి అతుక్కుంటుంది. బావి గిలక మీద చేదతాడు ఎలా తిరుగుతుందో అచ్చం అలాగే. తాడు ఎక్కడ తెగుతుంది? గిలక మీద రాసుకునే చోటే. ఈ టెండన్‌కి కూడా ఆ మలుపు దగ్గరే రక్త సరఫరా తక్కువ, ఒరిపిడి ఎక్కువ. నలభై దాటిన ఆడవాళ్లు, బరువు ఎక్కువున్నవాళ్లు, షుగరూ బీపీ ఉన్నవాళ్లు ఈ టెండన్ జబ్బుతో ఎక్కువగా వస్తారు. మా పేషెంట్‌కి బీపీ తప్ప అన్నీ ఉన్నాయి. దానికి తోడు పుట్టుకతోనే కాస్త చదునైన పాదాలు.

పాదంలో 26 ఎముకలు. వాటిని గుంటగా నిలబెట్టేవి ఎముకల అమరిక, ఎముకని ఎముకకి కట్టే లిగమెంట్లు, అరికాలి అడుగున మడమ నుంచి వేళ్లదాకా సాగే గట్టి పట్టీ, ఈ తాడు. నులక మంచానికి కాళ్ల వైపు తాడు బిగిస్తే కుంగిన మంచం పైకి లేస్తుంది కదా, అడుగు తీసేటప్పుడు బొటనవేలు వెనక్కి వంగి ఆ పట్టీ బిగుసుకుంటే గుంట అలా లేస్తుంది. అప్పుడే పాదం గట్టి పలకలా మారి ఒంటిని ముందుకు తోస్తుంది. టెండన్ అలిసిపోయిన పాదం ఆ టైముకి ఇంకా కుంగే ఉంటుంది. గట్టి నేల మీద నడవాల్సిన మనిషి ఇసుకలో నడిచినట్టు అవుతుంది. అందుకే నొప్పి కంటే ముందు ‘కాళ్లు లాగేస్తున్నాయి’ అంటారు.

పాదం లోపలికి ఒరిగితే దాని మీది ముంగాలి ఎముక కూడా లోపలికి తిరుగుతుంది, మోకాలు లోపలికి చూస్తుంది. ఆవిడ మోకాలి నొప్పిలో కొంత వాటా దీనిదని నాకు అనిపించింది. నడుము నొప్పి గురించి మాత్రం నేను జాగ్రత్తగా మాట్లాడతాను. చదును పాదాల వల్ల నడుమూ మెడా తలా అన్నీ నొప్పి వస్తాయని చెప్పి ఇన్‌సోళ్లు అమ్మేవాళ్లున్నారు. చదును పాదాలతో జీవితమంతా ఏ నొప్పీ లేకుండా పొలం పని చేసినవాళ్లనీ, పరుగు పందేలు గెలిచినవాళ్లనీ చూశాను. నొప్పి లేని చదును పాదం జబ్బు కాదు. పోలీస్ కానిస్టేబుల్ సెలక్షన్ల ముందు అబ్బాయిలు ‘మూడు నెలల్లో గుంట తెప్పించండి మేడమ్’ అని వస్తారు. ఏ ఇన్‌సోలూ పెద్దవాళ్ల ఎముకల ఆకారం మార్చదని వాళ్ల మొహం చూసి చెప్పడం ఈ వృత్తిలో నాకు నచ్చని పనుల్లో ఒకటి.

ఈవిడది వేరు. పెద్దయ్యాక ఒక వైపు పాదం కొత్తగా కుంగడం, నొప్పి, మడమ లేపలేకపోవడం. 1989లో జాన్సన్, స్ట్రోమ్ చేసిన విభజన ప్రకారం ఇది రెండో దశ: టెండన్ సాగింది, పాదం కుంగింది, కానీ చేత్తో సరిచేస్తే వస్తుంది. మూడో దశలో పాదం అలాగే బిగుసుకుపోతుంది, అప్పుడు ఇన్‌సోల్‌తో చేయగలిగింది తక్కువ.

మొదటి ఆరు వారాలు

నేను పుస్తకంలో ఉన్నట్టే చేశాను. స్పోర్ట్స్ షూ కొనిపించాను. అందులో పెట్టడానికి మడమ లోపలి వైపు ఎత్తుగా ఉన్న గట్టి ప్లాస్టిక్ ఇన్‌సోల్ రెడీమేడ్‌ది ఇచ్చాను. పిక్క సాగదీసే వ్యాయామం, రబ్బర్ బ్యాండ్‌తో పాదాన్ని లోపలికి లాగే వ్యాయామం నేర్పించాను. షుగర్ డాక్టర్‌కి ఉత్తరం రాశాను. నెలన్నర తర్వాత రమ్మన్నాను.

వచ్చారు. నొప్పి పదికి ఏడు ఉండేది, ఏడే ఉంది. ఇన్‌సోల్ తీసి చూశాను. కొత్తదిలా మెరుస్తోంది. నాకు కాస్త కోపం కూడా వచ్చింది. “వేసుకోలేదా అమ్మా?” అన్నాను.

“రోజూ వేసుకున్నానండీ. ఒక్క రోజు కూడా మానలేదు.”

“మరి రోజుకి ఎంతసేపు?”

ఆవిడ నవ్వారు. “చెప్పులు ఆటో కోసమే కదండీ మేడమ్.”

ఆ మాటకి నేను పెన్ను పక్కన పెట్టేశాను. కూర్చుని ఆవిడ రోజంతా గంటల లెక్కన రాయించాను. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఇల్లు ఊడవడం, వంట, టిఫిన్లు: ఒట్టికాళ్లు. ఆటో ఎక్కి షాపుకి చేరేదాకా నలభై నిమిషాలు షూ, అందులో అరగంట కూర్చునే ఉంటారు. షాపు మెట్ల కింద షూ విప్పేసి స్టాండులో పెట్టాలి. తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిది దాకా గ్రానైట్ మీద ఒట్టికాళ్లు. పట్టు సెక్షన్‌లో తెల్ల గుడ్డ పరిచిన పరుపుల మీద కస్టమర్లు కూర్చుంటారు, అక్కడ చెప్పులన్న మాటే లేదు. మళ్లీ నలభై నిమిషాలు ఆటో. ఇంటికొచ్చాక గిన్నెలు, మర్నాటికి కూరగాయలు: ఒట్టికాళ్లు. పద్నాలుగు గంటలు నేల మీద, ఇన్‌సోల్ మీద నిజంగా నిలబడింది ఇరవై నిమిషాలు.

మందు రోజుకి ఎన్నిసార్లు వేసుకోవాలో చెప్పకుండా డబ్బా చేతికిచ్చినట్టయింది నేను చేసింది. మనం చదివిన పరిశోధనలు చాలావరకు ఇంట్లోనూ ఆఫీసులోనూ షూతో తిరిగే మనుషుల మీద జరిగినవి. అమెరికాలో కూలిగ్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనం నాకు ఇష్టమైనది. ఇదే టెండన్ జబ్బు మొదటి, రెండో దశల్లో ఉన్న 36 మందికి 12 వారాలు ఇన్‌సోల్, సాగదీతలు ఇచ్చారు. ఒక గుంపుకి వాటితోనే ఆపారు, మిగతా రెండు గుంపులకి కండరం బలపరిచే రెండు రకాల వ్యాయామాలు కలిపారు. అన్ని గుంపులూ మెరుగయ్యాయి. బ్యాండ్ లాగుడికి ఎదురొడ్డుతూ పాదాన్ని మెల్లగా వదిలే వ్యాయామం చేసినవాళ్లు అందరికంటే బాగా మెరుగయ్యారు. ఆ ఫలితం చదివి నేను ఇన్‌సోల్ రాశాను గానీ, ఇన్‌సోల్ పెట్టుకోవడానికి కావలసిన జీవితం మా పేషెంట్‌కి ఉందా అని అడగలేదు.

మళ్లీ మొదటి నుంచి

ముందు టేపు వేశాను. సాగని జింక్ ఆక్సైడ్ టేపుని చిటికెన వేలి వైపు నుంచి మడమ చుట్టూ తిప్పి బొటనవేలి వైపుకి తెచ్చి, దాని మీద అరికాలికి అడ్డంగా బయటి నుంచి లోపలికి లాగి పట్టీలు. ఒట్టికాళ్లతో ఉన్నా పనిచేసే ఇన్‌సోల్ అప్పటికి నా దగ్గర ఇదొక్కటే. పైగా ఇది పరీక్ష కూడా: టేపుతో నొప్పి తగ్గితే ఇన్‌సోల్‌తో కూడా తగ్గే అవకాశం ఉంది. టేపు ఉన్న రోజుల్లో సాయంత్రం నొప్పి ఏడు నుంచి నాలుగుకి దిగింది. కానీ షుగర్ ఉన్న చర్మం మీద టేపు ఎక్కువ రోజులు మంచిది కాదు. పది రోజుల్లో నాలుగుసార్లు మార్చి ఆపేశాను.

తర్వాత ఫోమ్ పెట్టెలో పాదం అచ్చు తీసి ఇన్‌సోళ్లు తయారుచేసే ఆర్థోటిస్టుతో ఈవీఏ అనే ఫోమ్ లాంటి పదార్థంతో ఇన్‌సోల్ చేయించాం. పైన షుగర్ పాదానికి తగ్గ మెత్తటి పొర, మడమ లోపలి వైపు 4 మిల్లీమీటర్ల ఎత్తు. ఇన్‌సోల్ చేసే పని గుంటని కింద నుంచి పైకి తోయడమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఎక్కువ పని మడమ దగ్గర జరుగుతుంది. మడమ లోపలికి పడిపోకుండా లోపలి అంచుని ఆపితే టెండన్ లాగాల్సిన బరువు తగ్గుతుంది. గుంట కింది ఎత్తు ఊరికే పక్కన నిలబడి తోడుండటానికి.

అందులోనే తప్పు చేశాను. గుంట కింద కాస్త ఎక్కువ ఎత్తు అడిగి చేయించాను. ఐదో రోజు ఆవిడ ఫోన్ చేశారు. బొడిపె ఎముక కింద రూపాయి బిళ్లంత ఎర్ర మచ్చ, దాని మధ్యలో నీటి బుడగ. షుగర్ లేని పాదమైతే రెండు రోజుల్లో మానిపోయేది. ఈ పాదానికి పుండైతే నెలలు పడుతుంది. ఇన్‌సోల్ ఆపి, ఆ చోట 3 మిల్లీమీటర్లు గ్రైండ్ చేయించి, మచ్చ పూర్తిగా పోయాక రోజుకి గంట చొప్పున మళ్లీ మొదలుపెట్టాం. గంట నుంచి పూర్తి రోజుకి చేరడానికి మూడు వారాలు పట్టింది. రోజూ రాత్రి అద్దం నేల మీద పెట్టి అరికాలు చూసుకోవడం ఆ రోజు నుంచే అలవాటైంది. అదొక్కటి మంచే జరిగింది.

వంటింట్లో చెప్పులా?

ఇన్‌సోల్ తయారైంది. ఇక దాన్ని ఎక్కడ వేసుకుంటారన్నదే తేలాలి.

ఇంటి సంగతి అత్తగారి చేతుల్లో ఉంది. ఒకరోజు కోడలితో పాటు ఆవిడ కూడా వచ్చారు, డెబ్బై దాటిన మనిషి. “వంటింట్లో చెప్పులేసుకుని తిరగమంటావా అమ్మా? దేవుడి గూడు అక్కడే ఉంది” అన్నారు. నేను వాదించలేదు. బయటి మట్టి ఎప్పుడూ తగలని కొత్త జత, గడప దాటదు, దేవుడి గూటి ముందుకెళ్లేటప్పుడు విప్పేస్తుంది, వారానికోసారి సబ్బుతో కడుగుతుంది. ఇదీ నేను పెట్టిన ఒప్పందం. పెద్దావిడ కాసేపు ఆలోచించి, “నాకూ డాక్టరు ఒక జత ఇచ్చాడు, కవరు కూడా తీయలేదు” అన్నారు. ఆవిడకీ షుగరే. రెండేళ్ల కింద రాసిచ్చిన ఎంసీఆర్ చెప్పులు అటక మీద ఉన్నాయట. కుష్ఠు రోగుల పాదాల్ని పుళ్ల నుంచి కాపాడటానికి వెల్లూరు, కరిగిరి వైపు మొదలైన మెత్తటి రబ్బరు చెప్పులవి. ఇప్పుడు షుగర్ పేషెంట్లకి అందరూ రాస్తున్నాం, అటక మీదికి చేరినవెన్నో ఎవరికి తెలుసు! కోడలికి మడమ వెనక పట్టీ ఉన్న ఎంసీఆర్ శాండల్ తీసుకుని, చెప్పులు కుట్టే ఆయనతో అందులో మడమ లోపలి వైపు చిన్న ముక్క అతికించాం. ఇప్పుడు ఆ ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరూ చెప్పులతో వంట చేస్తున్నారు.

షాపు అంత సులువుగా లొంగలేదు. లోపల మాత్రమే వాడే కొత్త క్యాన్వాస్ షూకి అనుమతి ఇవ్వమని లెటర్‌హెడ్ మీద రాసిచ్చాను. “ఒకరికిస్తే అందరూ అడుగుతారు” అని ఫ్లోర్ ఇన్‌చార్జ్ తిప్పి పంపారు. అడగనివ్వండి, అడిగితే తప్పేముంది అని నాకనిపించింది గానీ, ఉద్యోగం నాది కాదు కదా. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో షాపుల చట్టాలు సవరించి సేల్స్‌వాళ్లకి కూర్చునే వీలు కల్పించాలన్నారు. కేరళలో దానికోసం పోరాడింది బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లే. ఆ సంగతి చెబితే మా పేషెంట్ నమ్మలేదు. “కూర్చుంటే జీతమిస్తారా?” అన్నారు.

చివరికి మధ్యేమార్గం ఒకటి దొరికింది. పట్టు సెక్షన్ నుంచి ఫ్యాన్సీ చీరల కౌంటర్‌కి మార్చారు. అక్కడ ఛాతీ ఎత్తు చెక్క కౌంటర్ ఉంటుంది, వెనక నిలబడేవాళ్ల పాదాలు ఎవరికీ కనపడవు. షూ వేసుకోవచ్చు, కస్టమర్లు లేనప్పుడు స్టూలు మీద కూర్చోవచ్చు. కానీ పట్టు మీద వచ్చే కమీషన్ ఫ్యాన్సీలో రాదు. నెలకి రెండు వేలు తగ్గిందని ఆవిడ అన్నప్పుడు నేను సమాధానం చెప్పలేకపోయాను. ఇన్‌సోల్ ఖరీదు మూడున్నర వేలని కేస్ షీట్‌లో రాస్తాం. ఈ రెండు వేలు రాయడానికి మా షీట్‌లో గడి లేదు.

మనవడి కాళ్లు

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నాలుగేళ్ల మనవణ్ణి చంకనేసుకొచ్చారు. “వీడికీ నాలాగే అప్పడంలా ఉన్నాయండీ, ఇప్పుడే ఇన్‌సోల్ వేస్తే సరిపోతుందేమో చూడండి.” వాడిని బిస్కట్ చూపించి మునివేళ్ల మీద నిలబడేలా చేశాను. చక్కటి గుంట లేచింది. నొప్పి లేదు, పరుగులు పెడుతున్నాడు. ఆ వయసు పిల్లల్లో పాదం అడుగున కొవ్వు, వదులు లిగమెంట్లు ఉండి చదునుగా కనిపించడం మామూలే. 1989లో అమెరికాలో వెంగర్ బృందం చిన్నపిల్లల్ని మూడేళ్లపాటు చూసింది. ప్రత్యేకమైన షూలు వేసినవాళ్లకీ, ఇన్‌సోళ్లు పెట్టినవాళ్లకీ, ఏమీ పెట్టనివాళ్లకీ పాదాలు ఒకేలా మెరుగయ్యాయి. 1992లో మణిపాల్ డాక్టర్లు 2300 మంది పిల్లల పాదముద్రలు తీస్తే, చెప్పులో షూనో వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలున్నాయి, ఒట్టికాళ్లతో తిరిగేవాళ్లలో 2.8 శాతమే. వాడిని మట్టిలో ఆడుకోనివ్వమని పంపేశాను.

ఆవిడ గుమ్మం దగ్గర ఆగి, “వాడికి చెప్పులొద్దు, నాకు మాత్రం ఇంట్లో కూడా చెప్పులా?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఎదిగే పాదానికి నేల గురువు. సాగిపోయిన టెండన్‌తో 78 కిలోలు మోస్తూ పద్నాలుగు గంటలు రాతి మీద నిలబడే పాదానికి అదే నేల శత్రువు. ఒట్టికాళ్లు మంచివా చెడ్డవా అని అడిగేవాళ్లకి, ఎవరి కాళ్లో చెప్పండి అంటాను.

తర్వాత

వ్యాయామాలు షూ వేసుకునే చేయించాను, గుంటకి ఆసరా ఉన్నప్పుడు ఈ కండరం ఇంకా బాగా పట్టుకుంటుంది. బ్యాండుతో మెల్లగా వదిలేది రోజుకి రెండుసార్లు, పదిహేను చొప్పున మూడు విడతలు. రెండు మడమల మధ్య టెన్నిస్ బంతి పట్టుకుని రెండు కాళ్లతో మడమలు లేపడం. పిక్క సాగదీత గోడ దగ్గర. ఇవన్నీ రాత్రి సీరియల్ టైములో.

రెండో ప్లాన్ మొదలైన పన్నెండు వారాలకి సాయంత్రం నొప్పి మూడు. కుడి మడమని గోడ పట్టుకుని రెండుసార్లు లేపగలిగారు. ఆరో నెలకి ఐదుసార్లు. బరువు 74కి వచ్చింది, హెచ్‌బీఏ1సీ 7.2, ఆ మెప్పు షుగర్ డాక్టర్‌కీ ఆవిడకీ చెందుతుంది. మోకాలి నొప్పి చాలావరకు పోయింది. నడుము నొప్పి ఎలా ఉందో అలాగే ఉంది. చీరల కట్టలు వంగి ఎత్తే మనిషి నడుముని పాదం దగ్గర వెతకకూడదని నాకు మళ్లీ తెలిసింది, దానికి వేరే వైద్యం మొదలుపెట్టాం. నిలబెట్టి తీసిన ఎక్స్‌రేలో పాదం అంతకుముందు ఎంత కుంగి ఉందో అంతే ఉంది. తడికాలి ముద్ర కూడా మారలేదు. ఆరు నెలల్లో ఇంత మాత్రం మెరుగు రాకపోయుంటే ఎంఆర్‌ఐ తీయించి, ఆపరేషన్ గురించి పాదాల ఆర్థోపెడిక్ సర్జన్ దగ్గరికి పంపేదాన్ని. వేళ్లని వంచే టెండన్‌ని తెచ్చి చెడిన టెండన్ చోట కుట్టి, మడమ ఎముక కోసి లోపలికి జరుపుతారు. కోలుకోవడానికి నెలలు పడుతుంది, ఆ నెలలు ఆవిడ దగ్గర లేవు.

ఎనిమిదో నెలలో ఆవిడ పట్టు సెక్షన్‌కి తిరిగి వెళ్తానన్నారు. అక్కడ షూ కుదరదు. పాదం మధ్యకి తొడిగే ఎలాస్టిక్ స్లీవ్‌లో మడమ లోపలి వైపుకీ గుంట కిందికీ ఈవీఏ ముక్క కుట్టించి ఇచ్చాను. సాక్స్ రంగులో ఉంటుంది, దూరానికి తెలియదు. ఇన్‌సోల్ చేసే పనిలో ఇది సగం కూడా చేయదు, చెమటకి జారుతుంది, రోజూ ఉతకాలి కాబట్టి రెండు కావాలి. వారానికి మూడు రోజులు పట్టు, మూడు రోజులు ఫ్యాన్సీ అని ఇన్‌చార్జ్‌తో ఆవిడే మాట్లాడుకున్నారు. పట్టు రోజుల్లో సాయంత్రం నొప్పి ఐదు దాకా వెళ్తోంది. “ఐదు నేను భరిస్తానండీ” అన్నారు. నాకైతే ఆ ఐదు నచ్చలేదు. మడమ లేపే లెక్క తగ్గితే పట్టు రోజులు తగ్గించాలని ఒప్పించాను, నెలకోసారి వచ్చి చూపించుకోవాలి.

మొన్న వచ్చినప్పుడు క్యారీ బ్యాగులో పాత ఇన్‌సోళ్లు తెచ్చారు. కుడిదాన్ని టేబుల్ అంచు మీద పెట్టి బొటనవేలితో నొక్కాను. మడమ లోపలి వైపు, మనం 4 మిల్లీమీటర్లు ఎత్తు పెట్టించిన చోట, ఈవీఏ నలిగి సగమైంది. వేలు తీశాక కూడా నొక్కు అలాగే ఉండిపోయింది. పైపొర మీద ఐదు వేళ్ల ముద్ర, బొటనవేలు దగ్గర నల్లగా మెరుస్తూ. ఈసారి కాస్త గట్టి ఈవీఏతో చేయించాలని రాసుకుని, కొత్త అచ్చుకి ఫోమ్ పెట్టె తీశాను. “ఆషాఢం లోపు వస్తాయా మేడమ్?” అని అడిగారు. ఆర్థోటిస్టుకి ఫోన్ చేశాను.